అంగుళానికి పన్నెండు చుట్లు

తార్నాక చౌరస్తాకి ఒక పక్క ఉస్మానియా క్యాంపస్, మరో పక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. వర్క్‌షాపు 1893 నాటిది, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. 1932 జూన్‌లో ఆ వర్క్‌షాపు నడిపిన నిజాం రైల్వే వాళ్లే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. గ్లాస్గోలో తయారైన ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ బస్ భవన్‌లో భద్రపరిచింది. ఆ తరం బండి ఇంజిన్ బ్లాకులో మర పోతే, దొరికిన బోల్టుకి సరిపోయేలా కొత్త మర కొట్టేయకూడదనీ, పాత కొలతనే తిరిగి నిలబెట్టాలనీ నా వాదన. ఆ బండి ఏ కాలానిదో, ఏ చేతుల మీదుగా వచ్చిందో ఆ కొలత చెబుతుంది.

ఇక్కడి మెకానిక్కులు మరని చూడీ అంటారు. ఉర్దూలో గాజుకీ అదే మాట. 1948 దాకా ఉస్మానియాలో చదువు ఉర్దూలో సాగినా, ఇనుములోని కొలత మాత్రం ఇంగ్లండుదే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ఆ మరకి 55 డిగ్రీల కోణం, అమెరికా మరకి 60. అరంగుళం బోల్టుకి విట్‌వర్త్ లెక్కలో అంగుళానికి 12 చుట్లు, అమెరికా లెక్కలో 13. కంటికి తేడా తెలియదు. ఒకదాని బోల్టు ఇంకోదాని రంధ్రంలో కొన్ని చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అక్కడ పానాకి పైపు తొడిగి తిప్పితే పోత ఇనుములో మర చిట్లిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఈ తేడాతో విసిగిన బ్రిటన్, అమెరికా, కెనడా 1948 నవంబరులో 60 డిగ్రీల ఉమ్మడి మరకి ఒప్పుకున్నాయి. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు నుంచి అమల్లోకి రాసాగాయి. అదే ఏడాది జనవరిలో ఏపీఎస్ ఆర్టీసీ పుట్టింది. అంతకాలం రోడ్డు మీద తిరిగిన బండికి రంగు మారుతుంది, సీట్లు మారతాయి. ఏ మరమ్మతు ఏ కాలంలో జరిగిందో పసిగట్టాలంటే బ్లాకులోని రంధ్రాలు చూడాలి.

బండి నడిస్తే చాలదా, పద్నాలుగు మిల్లీమీటర్ల ట్యాప్ కొడితే ఏ దుకాణం బోల్టయినా పడుతుంది కదా అంటారు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు కాబట్టి 12 బోల్టు వదులవుతుంది, 14కి పోక తప్పదు. కానీ అప్పుడు సిలిండర్ హెడ్డులో రంధ్రాన్నీ పెద్దది చేయాలి. వరసలో ఒక్క స్టడ్డు మాత్రం లావైతే మిగతా వాటితో సమానంగా సాగదు, హెడ్డు మీద బిగువు చెదిరి గాస్కెట్ లీకవుతుంది. దానికి బదులు రంధ్రాన్ని వెడల్పు చేసి స్టీలు తీగ చుట్టనో, గట్టి బుష్‌నో దించితే లోపల మళ్లీ 12 చుట్ల మరే వస్తుంది. దీనికి పద్నాలుగు ట్యాప్ కంటే ఎక్కువ ఇనుమే తీయాల్సి వస్తుంది కదా అనొచ్చు. ఈ అభ్యంతరం బలమైనదే. నీళ్ల గది గోడ పల్చగా ఉన్నచోట ముందు మందం కొలవకుండా డ్రిల్లు పెట్టకూడదు. ఇక ఆ స్టీలు కొత్తదే కదా, అసలుది ఎలా అవుతుందని అడిగితే, కాపాడాల్సింది లోహాన్ని కాదు, కొలతని. హెడ్డు, పానా, పక్కనున్న స్టడ్లు అన్నీ ఆ కొలతకే పుట్టాయి.

విట్‌వర్త్ బోల్టు దొరకదన్నది చివరి అభ్యంతరం. దాన్ని లేత్ మీద చేసుకోవచ్చు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, అందులో సగం 12.7. అందుకే 127 పళ్ల చక్రం ఒకటి బిగిస్తే మెట్రిక్ లేత్ కూడా అంగుళాల మరని తేడా లేకుండా కోస్తుంది.