వ్రతము నుండి వాడుకకు: తెలుగు క్రైస్తవుల ఆంతరంగిక చరిత్ర

మతచరిత్రలను వ్రాయువారు సామాన్యముగా వెలుపలి శత్రువులను గూర్చియే విస్తరింతురు. హింసలు, వెలివేతలు, శాసనములు, వివాదములు పుటలను నింపును. కాని విశ్వాసమును క్షీణింపజేయు కారణములు పెక్కుసార్లు దాని లోపలనే పుట్టును. తొలితరమువారు మూల్యము చెల్లించి పట్టిన వ్రతము మలితరమువారికి మూల్యము లేని వాడుకగా మారుట తెలుగు క్రైస్తవుల చరిత్రలో మరల మరల కనిపించు విషయము. ఆ చరిత్రకు ఒంగోలు గ్రామసీమ ఒక కొస. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కుపట్టణము మరియొక కొస.

అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. ఆయన వచ్చిన కొలదికాలమునకే ఉన్నతకులముల యువకులు కొందరు ఆయన బోధ వినుటకు రాసాగిరి. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలును ఆ కాలముననే వచ్చిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని మొదటివారు స్పష్టముగా చెప్పిరి. క్లౌ దంపతులు ఒకరికొకరు తెలియకయే బైబిలు తెరచి, కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలో ఒకే భాగమును చదివిరట. లోకము అల్పులని ఎంచినవారిని దేవుడు ఎన్నుకొనుటను గూర్చిన భాగమది. దంపతులు మాదిగల పక్షము వహించిరి. ఒంగోలు సంఘమునకు ఈ ఎంపికయే పునాది.

ఆ సంఘములో చేరినవారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. నేటి పాఠకునకు ఇవి సామాన్యమైన మతాచారములుగా తోచును. ఆనాటి పల్లెలో ఒక్కొక్కటియు ఒక తిరుగుబాటు. మాదిగవాని శ్రమ ఏడు దినములును ఊరిదే. అతడు ఆదివారమున నాగలి పట్టననుట ఆసామి అధికారమును కాదనుట. జాతరలో డప్పు కొట్టననుట ఊరి కట్టుబాటును ధిక్కరించుట. ఇందుకు ఫలముగా దెబ్బలు తినినవారును, బావి నీరు కోల్పోయినవారును, కూలి పోగొట్టుకొన్నవారును కలరు. ఆదివారము వారికి విశ్రాంతిదినము కాదు; తాము ఒకరి సొత్తు కామని ఊరి నడుమ చాటు దినము.

1876–78 నాటి కరవు ఈ వ్రతమును వేరొక విధమున పరీక్షించెను. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. పనిచోటనే పేరయ్య వంటి బోధకులు బోధించిరి. బాప్తిస్మము కోరి జనులు మూగిరి. అయినను ఆయన సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమీయలేదు. అన్నముకొరకు వచ్చినవాడెవడో, విశ్వాసముతో వచ్చినవాడెవడో తేలవలెనని ఆయన తలంపు. ఇక సహాయధనము లేదని తెలిసిన పిమ్మటను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య లోకమంతట ప్రసిద్ధికెక్కెను. దాని వెనుకనున్న పదునైదు నెలల నిరీక్షణ అంతగా ప్రసిద్ధికెక్కలేదు. సంఘమునకు బలమిచ్చినది ఆ నిరీక్షణయే. సంఖ్యను చూచి మురియుటయు, విశ్వాసమును లెక్కలలో కొలుచుటయు తరువాతి కాలమున పట్టుకొన్న మొదటి దురలవాటు.

రెండవది ఆశ్రయబుద్ధి. భిలాయి నేడున్న ఛత్తీస్‌గఢ్ సీమలోనే దీనికొక పాఠము కలదు. 1868లో ఆస్కార్ లోర్ అను మిషనరీ సత్నామీల నడుమ పనిచేయుటకు వచ్చి బిశ్రాంపురమును నెలకొల్పెను. అచ్చట మిషనరీయే గ్రామమునకు మాల్గుజారు, అనగా భూస్వామి. మతము మారినవాడు బోధకుని ఎదుటనే కాక భూమి యజమాని ఎదుట కూడ నిలిచెను. యజమాని దయాళువే కావచ్చును. కాని పొలము, పని, బడి, వైద్యము ఒకే చేతినుండి వచ్చునప్పుడు ప్రార్థనకును అర్జీకిని నడుమ గీత చెరగిపోవును. పాత ఆసామి పోయి క్రొత్త ఆసామి వచ్చినంతమాత్రమున మనసు విడుదల పొందదు.

ఈ రోగమును గుర్తించి చికిత్స తలపెట్టినవారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ముఖ్యుడు. తిరునల్వేలి నుండి వచ్చి, తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్లునకు బిషప్పయ్యెను. ఆంగ్లికను సంఘములో ఆ పదవినందిన తొలి భారతీయుడాయనయే. నిరుపేదయైనను ఇచ్చువాడే కావలెనని ఆయన పట్టుదల. వంటకు కొలిచిన బియ్యములో పిడికెడు తీసి సంఘమునకై వేరుగ ఉంచు పద్ధతిని ఆయన ప్రోత్సహించెను. బాప్తిస్మము పొందినవాడు తన తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించుట తన విధి యని పలుకవలెను. పుచ్చుకొను చేతిని ఇచ్చు చేతిగా మార్చుట ఈ ఏర్పాటుల సారము. విశ్వాసమునకు మరల మూల్యమేర్పడెను. ఆ మూల్యమును చెల్లించువాడు యాచకుడు కాక గృహస్థుడయ్యెను.

అన్నిటికంటె మొండిది కులము. అల్పులను ఎన్నుకొని పుట్టిన సంఘములోనే మాలకును మాదిగకును నడుమ గోడ నిలిచెను. ఒకే బల్లవద్ద రొట్టె విరిచినవారు ఒకరితో నొకరు వియ్యమందుటకు వెనుదీసిరి. ఊరు తమకు చేసిన అన్యాయమును ఎఱిగినవారే దానిని తమకంటె దిగువవారియెడ అనుసరించుట కంటె విశ్వాసమునకు విషాదమేమున్నది? 1895లో వినుకొండలో, భిన్నకులములకు చెందిన తలిదండ్రులకు క్రైస్తవునిగా పుట్టిన గుఱ్ఱం జాషువా కులపు కాటును బాల్యమునుండియు ఎఱిగినవాడు. 1941 నాటి ‘గబ్బిలము’లో గుడి ప్రవేశము లేని మానవుని మొరను గుడిలో తలక్రిందుగా వ్రేలాడు ప్రాణిచేత దేవుని కడకు పంపెను. 1964లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందిన ఆయన గ్రంథము ‘క్రీస్తు చరిత్ర’. మొర పెట్టినవాడును క్రీస్తు కథ చెప్పినవాడును ఒకే కవి యగుట యాదృచ్ఛికము కాదు. మొదటి కావ్యము ఊరిని అడిగిన ప్రశ్నను సంఘము తనకును వేసికొనవలసియున్నది.

ఇక నాలుగవది రెండు పేరుల బ్రతుకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి, క్రైస్తవులు చేర్చబడలేదు. ఊరు కులమును మరువకున్నను చట్టము దానిని గుర్తింపదు. కావున గుడిలో ఒక పేరు, ధ్రువపత్రములో మరియొక పేరు గలవారేర్పడిరి. బిడ్డల చదువుకొరకు, ఉద్యోగముకొరకు ఇట్లు చేసిన తండ్రిని నిందించుట సులభము. అతనిని ఆ స్థితికి నెట్టిన న్యాయమును ముందు ప్రశ్నింపవలెను. అయినను తన విశ్వాసమును దాచుకొనుట ఒక తరమునకు వేదన. మరుసటి తరమునకు అది నేర్పు. వేదన నేర్పుగా మారుచోటనే ఆత్మకు నష్టము.

ఈ బరువులన్నిటితో తెలుగువాడు పరదేశమునకు పయనమయ్యెను. భిలాయి కర్మాగారమునకు 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడల మీదుగా రాయపూరునకు పోవు రైలుమార్గము ఉత్తరాంధ్రకును ఈ సీమకును సహజమైన బాట. అట్లు వచ్చి స్థిరపడిన తెలుగువారిలో క్రైస్తవులును కలరు.

ఉక్కుపట్టణము పల్లె వంటిది కాదు. సెక్టార్లలోని క్వార్టర్లు ఉద్యోగపు హోదానుబట్టి లభించును. మాలపల్లె, మాదిగపల్లె అచ్చట లేవు. ఆసామియు లేడు. గోడ నిలిచినచో అది వచ్చినవాడు తనవెంట తెచ్చుకొన్న గోడయే. ఇక ఆదివారము! ఒకసారి వెలిగించిన ఫర్నేసు ఏండ్ల తరబడి ఆరదు. దానికి ఆదివారము లేదు. షిఫ్టు పట్టికయే విశ్రాంతిని నిర్ణయించును. ఒంగోలు తాత దెబ్బలు తిని నిలుపుకొన్న దినమున మనుమడు కొలిమివద్ద నిలువవలసి వచ్చును. భక్తి ఆదివారపు హాజరులో మాత్రమే యున్నచో అది మొదటి పట్టికతోనే సమసిపోవును. తాత చాటినది దినము కాదు, స్వాతంత్ర్యమని ఎఱిగిన మనుమనికి బుధవారమైనను చాలును.

పరవాసికి పొంచియున్న మరియొక ప్రమాదము తియ్యనిది. శ్రీకాకుళ, గంజాము సీమలలో సేవచేసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు రాగతాళములతో తెలుగు సంఘములకు ప్రాణమైనవి. పరభాషల నడుమ అవి వినబడినప్పుడు కన్నులు చెమర్చుట సహజము. కాని ఆ కన్నీరు దేవునికొరకో, విడిచివచ్చిన ఊరికొరకో విచారించుకొనవలెను. ఊరి జ్ఞాపకమే ఆరాధనయైనచో, ఊరినుండి వచ్చిన కులమును దానితోపాటు పీఠమెక్కును.

బ్లాస్టు ఫర్నేసునకు వెలుపల ఉక్కు కవచముండును. లోపల అగ్నిని తాళు ఇటుకల వరుస యుండును. అరుగునది ఆ లోపలి ఇటుకయే. అందుకే నిర్ణీతకాలమునకు కొలిమిని చల్లార్చి, ఇటుకను క్రొత్తగా పేర్తురు. కార్మికుడెవడును దీనిని అవమానముగా తలంపడు. అది పనిలో భాగము. విశ్వాసమును నిలుపుకొనుటయు అట్టి పనియే. క్లౌ ఆగిన పదునైదు నెలలు, దోర్నకల్లు ఇల్లాలు తీసియుంచిన పిడికెడు బియ్యము అట్టి మరమ్మతులే. తాతలు చెల్లించిన మూల్యమును తలచుకొనుట సులభము. తమవంతు మూల్యమేదో తెలిసికొని చెల్లించుట ప్రతి తరమునకును మిగిలియున్న పని.