మనుషుల్లేని ఊరికి బస్సు

ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, వార్మిన్‌స్టర్ రైల్వే స్టేషన్ దగ్గర ఏడాదికోసారి, మామూలుగా ఆగస్టులో, పాత లండన్ డబుల్ డెక్కర్లు బారులు తీరతాయి. రూటు నంబరు 23ఏ. 2009లో మొదలైన ఈ ఒక్కరోజు సర్వీసు పేరు ఇంబర్‌బస్. వెళ్లేది ఇంబర్ అనే ఊరికి. ఆ ఊళ్లో 1943 నుంచి ఎవరూ కాపురం ఉండటం లేదు.

పాత బస్సుల్ని బాగుచేసి, జనాన్ని ఎక్కించుకుని తిప్పే రోజుని అక్కడ 'రన్నింగ్ డే' అంటారు. బ్రిటన్‌లో ఇలాంటివి చాలానే జరుగుతాయి. గంట ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే కదలాలి. మన ఆర్టీసీ కండక్టర్ల భాషే కాబట్టి నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పై అంతస్తులో ముందు సీటు కోసం పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ తొందరపడటం కూడా నాకు కొత్తగా అనిపించలేదు.

ఈ బస్సుల్లో అందరూ గుర్తుపట్టేది రూట్‌మాస్టర్‌ని. 1954లో జనానికి చూపించారు, 1956లో రోడ్డెక్కింది, 2005 డిసెంబరు 9న 159వ రూటులో ఆఖరిసారి నడిచి లండన్ మామూలు సర్వీసుల నుంచి తప్పుకుంది. దాని బాడీ అల్యూమినియం. యుద్ధకాలంలో లండన్ రవాణా సంస్థ కార్మికులు హాలిఫాక్స్ బాంబర్ విమానాల తయారీలో పనిచేశారు. తేలిక లోహంతో గట్టి బాడీ కట్టే ఆ పనితనమే తర్వాత ఈ బస్సులోకి వచ్చింది.

ఇలాంటి బండిని బాగుచేయడమంటే రంగు వేయడం ఒక్కటే కాదు. అల్యూమినియానికి ఉక్కు ఆనుకున్న చోట తడి చేరితే లోహం తెల్లగా పొడిపొడిగా రాలిపోతుంది. రివెట్లు తీసి, రేకులు ఊడదీస్తేగానీ లోపలి సంగతి తెలీదు. తయారీ ఆగిపోయిన సామాన్ల కోసం తుక్కుకు పోయిన ఇంకో బస్సుని వెతుక్కోవాలి. ఇన్ని మార్చాక ఇది అసలు బస్సేనా? లండన్ బస్సుల్ని ఓవర్‌హాల్ చేసిన ఆల్డెన్‌హామ్ వర్క్‌షాపుకి ఆ పట్టింపే లేదు. బాడీని, కింది యంత్రభాగాల్ని విడదీసి, సిద్ధంగా ఉన్న వేరేవాటితో కలిపి, పాత నంబరుతోనే బయటికి పంపేవారు. అంటే సర్వీసులో ఉండగానే ఆ బస్సులు ఒళ్లు మార్చుకుంటూ బతికాయి. అందుకే మ్యూజియంలో తాడు కట్టి నిలబెట్టిన బస్సుకంటే, కొత్త రేకులతో పొగ వదులుతూ వచ్చే బస్సే నాకు ఎక్కువ ఇష్టం.

ఊరిని అలా బాగుచేసుకోవడం కుదరలేదు. 1943 నవంబరు 1న ఇంబర్ జనాన్ని బడిలో సమావేశపరిచి, 47 రోజుల్లో ఖాళీ చేయమన్నారు. అమెరికన్ సైనికులు వీధిపోరాటం నేర్చుకోవడానికి ఊరు కావాలన్నారు. ఊరి కమ్మరి దాగలి మీద వాలిపోయి ఏడుస్తూ కనిపించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. యుద్ధం అయ్యాక తిరిగి రావచ్చని వాళ్లు నమ్మారు. రానివ్వలేదు. 1961లో జనం ఊళ్లోకి కదిలివచ్చి నిరసన తెలిపినా సైన్యం కదల్లేదు. ఇప్పుడక్కడ సెయింట్ జైల్స్ చర్చి ఉంది, చుట్టూ తలుపుల్లేని ఖాళీ కట్టడాలు.

బస్సుకి అల్యూమినియం బాడీ కట్టే విద్య నేర్పిన యుద్ధమే ఈ ఊరిని ఖాళీ చేయించింది. పైనుంచి ఆ గోడల్ని చూస్తుంటే బస్సు తెచ్చిన సరదా కాస్త తగ్గుతుంది. తగ్గాలి కూడా. పాత బస్సు ఎక్కి 'ఆ రోజులే వేరు' అనుకోవడం తేలిక. ఆ రోజుల్లో ఎవరి ఇల్లు పోయిందో కూడా చూపించే రూటు నాకు తెలిసి ఇదొక్కటే.

టికెట్ డబ్బుల్లో కొంత చర్చి బాగోగులకి వెళుతుంది. సాయంత్రానికి అందర్నీ ఎక్కించుకుని ఆఖరి బస్సు వెనక్కి బయల్దేరుతుంది. మన పల్లెలకి రాత్రి ఆఖరి బస్సు జనాన్ని ఇళ్లకి చేర్చి, తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. ఇంబర్‌కి నైట్‌హాల్ట్ లేదు.