బొమ్మ కోసం కొన్నాం, గొంతు మరిచాం: బ్రాడీపేటలో వీడియో కెమెరా ప్రస్థానం

గుంటూరు ప్రాంతంలో వీడియో కెమెరా పెళ్లిపందిట్లోంచి ఇంట్లోకి వచ్చింది. విహారయాత్రలకనో, పిల్లల ఆటపాటలు తీద్దామనో కొన్నవాళ్లు తర్వాత వచ్చారు. అందుకే ఏ కెమెరా కావాలి, ఎంత పెట్టొచ్చు అన్న మాట ఇక్కడ మొదటి నుంచీ ముహూర్తాలతోనూ పంట డబ్బుతోనూ ముడిపడి ఉంది. మిర్చి యార్డులో రేటు పలికిన ఏడు పెళ్లికి వీడియో మాట్లాడుకున్నారు. పత్తిని తెల్లదోమ తినేసిన 1987-88లో అప్పులపాలైన రైతు ఇళ్లలో వీడియో మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. గుంటూరులోని బ్రాడీపేట ఈ రైతుల పల్లెలకూ పట్నానికీ నడుమ ఉన్న పేట. నాలుగు బై ఏడు అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని లెక్కన ఇల్లు చెప్పుకునే ఈ పేటలో డాక్టర్లు, ప్లీడర్లు, లెక్చరర్లతో పాటు పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులూ ఉన్నారు. కొత్త యంత్రం ఏది వచ్చినా కొనగలిగిన ఇళ్లు ఇక్కడ కొన్ని ఎప్పుడూ ఉన్నాయి. ఆ ఇళ్లు ఏం కొన్నాయో, అందులో ఇప్పటికి ఏది మిగిలిందో చూస్తే, ఇవాళ కొనేవాళ్లు దేనికి డబ్బు పెట్టాలో చాలావరకు తేలిపోతుంది.

కదిలే బొమ్మ మన జిల్లాలకు అంతకు చాలా ముందే తెలుసు. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలోనే క్రోనోమెగాఫోన్ తెప్పించి ఊరూరా బొమ్మలు చూపించారు. ఆయన కొడుకు ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. అదంతా జనానికి చూపించే వ్యాపారం. ఇంటివాళ్లు తామే తీసుకోవడానికి కొడాక్ సంస్థ 1923లో 16 ఎంఎం, 1932లో 8 ఎంఎం, 1965లో సూపర్ 8 ఫిల్ములు తెచ్చింది. సూపర్ 8 రీలు 50 అడుగులు, 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోయేది. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా తీయాలంటే ఎన్ని రీళ్లు కావాలో, వాటిని కడిగించడానికి ఎంత దూరం పంపాలో ఆలోచిస్తే, ఇంటి సినిమా మన దగ్గర ఎందుకు పట్టలేదో అర్థమవుతుంది. స్టూడియోవాళ్ల నలుపు తెలుపు ఫొటోలతోనే ఒక తరం తృప్తిపడింది.

అసలు మలుపు టేపుతో వచ్చింది. సోనీ 1975లో బీటామాక్స్, జేవీసీ 1976లో వీహెచ్ఎస్ క్యాసెట్లను విడుదల చేశాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చింది. ఆ వెంటే వీసీఆర్లు, అద్దెకు క్యాసెట్లిచ్చే షాపులు, వీడియో పార్లర్లు. బొమ్మ చూసే పెట్టె ఇంట్లోకి వచ్చాక, మన బొమ్మ మనమే అందులో చూసుకోవాలన్న కోరిక పుట్టడం సహజం. తొలినాళ్ల ఏర్పాటులో కెమెరా ఒకరి భుజం మీద, దానికి వైరుతో తగిలించిన రికార్డరు మరొకరి భుజం మీద, లైటు మూడో మనిషి చేతిలో ఉండేవి. కెమెరా, రికార్డరు ఒకే పెట్టెలో కలిసిన బీటామూవీని సోనీ 1983లో తెచ్చింది. దాంతో తీయగలం, కానీ అందులోనే వేసి చూసుకోలేం. మరుసటి ఏడు వచ్చిన జేవీసీ జీఆర్-సీ1 ఆ లోటు తీర్చింది.

మన పెళ్లిళ్లను ఏలింది మాత్రం పానసోనిక్ ఎం-3000, ఎం-9000 లాంటి భుజం కెమెరాలు. అప్పటికే సోనీ 8 ఎంఎం హ్యాండీక్యామ్‌లు ఉన్నాయి. 1989లో వచ్చిన టీఆర్-55 బరువు కిలో కూడా లేదు. అయినా పెద్ద కెమెరానే గెలవడానికి గట్టి కారణం ఉంది. అందులో పట్టేది మామూలు వీహెచ్ఎస్ క్యాసెట్. మూడు గంటలు నడుస్తుంది. తీసింది తీసినట్టు ఇంట్లో వీసీఆర్‌లో పెట్టి చూడొచ్చు. 8 ఎంఎం టేపును వీహెచ్ఎస్‌లోకి కాపీ చేయించాలి, కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ పలచబడుతుంది. భుజం మీద పెద్ద కెమెరా ఉంటే పందిట్లో గౌరవం అన్నది కూడా నిజమే గానీ, ఆ రోజు మనవాళ్లు లెక్క చూసుకునే ఎంచుకున్నారు.

వెలుతురు ఇంకో సమస్య. మన ముహూర్తాల్లో చాలా మటుకు రాత్రి వేళే. అప్పటి వీహెచ్ఎస్ కెమెరా ట్యూబులైటు వెలుతుర్లో బొమ్మను గింజలు గింజలుగా చూపేది. అందుకని వెయ్యి వాట్ల సన్‌గన్ లైటు పెళ్లికూతురి మొహం మీదికి కొట్టేవాళ్లు. కళ్లు నీళ్లు కారుతున్నది అప్పగింతలకో, లైటు వేడికో చెప్పలేని వీడియోలు అప్పటివి చాలా ఉన్నాయి. ఒక లక్స్ వెలుతురు చాలునని కంపెనీలు ప్రకటనల్లో చెప్పేవి. ఆ వెలుతుర్లో ఏదో ఒక నీడ పడుతుందన్నంత వరకే ఆ మాట నిజం. కెమెరా రాత్రి ఎలా తీస్తుందో రాత్రి తీసి చూడకుండా కొనకూడదన్న పాఠం అప్పటిది. ఇప్పటికీ అది మారలేదు.

బ్రాడీపేటకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. అందులో చదివిన ఎందరో డాక్టర్లు తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో స్థిరపడ్డారు. సెలవులకు వచ్చిన కొడుకో అల్లుడో తెచ్చిన హ్యాండీక్యామ్ ఈ లైన్లలో ఎన్నో ఇళ్లకు తొలి కెమెరా. కానీ అమెరికా కెమెరా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మనది పాల్ పద్ధతి, 25 ఫ్రేములు. అక్కడి క్యాసెట్ ఇక్కడి టీవీలో పెడితే బొమ్మ ఎగిరేది, లేకపోతే రంగు పోయేది. రెండు పద్ధతులూ ఆడే వీసీఆర్ విడిగా కొనుక్కోవలసి వచ్చింది. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్లది 60. అందుకని వాళ్ల కెమెరాతో మన ట్యూబులైటు కింద తీస్తే బొమ్మంతా కొట్టుకునేది. ఈ చిక్కు టేపుతో పోయిందనుకోవద్దు. ఇవాళ అమెరికా నుంచి తెప్పించిన కెమెరాలోనైనా, చేతిలోని ఫోనులోనైనా సెట్టింగుల్లోకి వెళ్లి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు యాభైలో ఒకటో వందలో ఒకటో పెట్టుకుంటే మన లైట్ల కింద ఆ అదురు పోతుంది. విదేశంలో కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

ఇక నా మనసును అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే సంగతి గొంతు. ఆ కెమెరాల మైకు చుట్టూ శబ్దాన్ని బట్టి తనంతట తానే హెచ్చూ తగ్గూ చూసుకునేది. గట్టిమేళం మోగగానే అది ఒక్కసారి కిందికి పడిపోయి, మళ్లీ తేరుకునే సరికి పురోహితుడి మంత్రం, పెద్దల మాట దాటిపోయేవి. దానికి తోడు మిక్సింగ్ వచ్చింది. పూలరెక్కలు రాలడం, గుండె ఆకారంలో పెళ్లికొడుకు మొహం తేలడం, పైన సినిమా పాటలు. ఇంటిల్లిపాదీ అదే కోరుకున్నారు, మిక్సింగ్ చేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు. కానీ పాట వేయాలంటే కింద అసలు శబ్దం తీసేయాలి. మిక్సింగ్ అయ్యాక అసలు క్యాసెట్ల మీద మళ్లీ ఇంకో పెళ్లి తీసేవాళ్లు. అలా వేల పెళ్లిళ్లలో తాతల దీవెన, మేనత్తల ఎకసెక్కం, వియ్యాలవారి ఛలోక్తులు చెరిగిపోయాయి. ఆ పాట ఈ క్షణాన ఎక్కడైనా దొరుకుతుంది. ఆ మనుషుల మాట మరి దొరకదు.

1995లో సోనీ వీఎక్స్-1000తో డీవీ అనే డిజిటల్ టేపు వచ్చింది. ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్లోకి దించితే ఎన్ని కాపీలు తీసినా బొమ్మ అరగదు. గంట టేపుకు 13 జీబీ. పీడీ-170 లాంటి కెమెరాలు 2003 తర్వాత పెళ్లిళ్లకూ, లోకల్ కేబుల్ చానళ్లకూ నమ్మకమైన పనిముట్లయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక నష్టం జరిగింది. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లను సీడీల్లోకి మార్పించి, క్యాసెట్లను చాలామంది పారేశారు. వీడియో సీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. ఉన్న కాస్త వివరమూ అందులో సగానికి పైగా పోయింది. ఆ సీడీల్లో చాలావాటికి ఇప్పుడు పైపూత కూడా రాలిపోతోంది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. హెచ్‌డీ టేపులు, మెమరీ కార్డులు, 2008లో కెనాన్ 5డీ మార్క్-2. ఫొటో కెమెరా సినిమాలాంటి వీడియో తీసేసరికి పెళ్లి వీడియో రూపమే మారింది. వెనక మసక, ముందు మొహం, ప్రీ వెడ్డింగ్ షూట్, టీజరు. అయితే ఆ రకం కెమెరాలు చాలా ఏళ్లపాటు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేవి. అరగంట దాటి రికార్డు చేసేదాన్ని ఐరోపాలో వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవాళ్లు, దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన హద్దు అది. వేడెక్కి ఆగిపోవడం ఇంకొకటి. రెంటచింతల ఎండలు తెలిసిన మన ప్రాంతంలో వైశాఖ మాసపు పెళ్లికి ఇది చిన్న విషయం కాదు. అందుకే క్యాండిడ్ వాళ్లు ఎంత కొత్త కెమెరా తెచ్చినా, ట్రెడిషనల్ వీడియోకు నిలబెట్టి గంటల తరబడి నడిపే సోనీ ఎంసీ-2500 లాంటి భుజం కెమెరాలను మనవాళ్లు వదల్లేదు. వాళ్ల నిర్ణయం సరైనదే.

మరి ఇప్పుడు ఏది కొనాలి? ముందు అద్దెకా, సొంతానికా అన్నది తేల్చుకోవాలి. ఒక్క పెళ్లి కోసం కెమెరా కొనడం దండగ. ఇంట్లో మనవలను, పండగలను తీయడానికి ఉన్న ఫోను చాలు. కెమెరా కోసం తీసి పెట్టిన డబ్బులో చిన్న భాగం పెట్టి కాలరుకు తగిలించే వైర్‌లెస్ మైకు, ఒక స్టాండు కొంటే వచ్చే మార్పు, ఖరీదైన కొత్త ఫోను కొన్నా రాదు. స్కూలు వార్షికోత్సవాలు, కూచిపూడి కచేరీలు హాల్లో వెనక నుంచి తీయాలనుకునేవారికి మాత్రం నిజమైన జూమ్ కావాలి. పెట్టె మీద రాసిన వందల రెట్ల డిజిటల్ జూమ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు, ఆప్టికల్ జూమ్ ఎంతో చూడాలి. వీడియోనే వృత్తిగా పెట్టుకోబోయే కుర్రవాళ్లకు నా సలహా వేరు. బాడీ వాడినది కొన్నా పరవాలేదు, డబ్బు లెన్సుల మీద పెట్టండి. బాడీలు నాలుగైదేళ్లకు పాతబడతాయి, మంచి లెన్సు పదిహేనేళ్లు పని చేస్తుంది. మూఢాలూ ఆషాఢమూ పోగా ముహూర్తాలు మిగిలేది కొన్ని రాత్రులే కాబట్టి, ఆ రాత్రుల సంపాదనతో వాయిదాలు కట్టగలమా అని లెక్క వేసుకున్నాకే అప్పు చేయండి. వీడియో కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. బిల్లుతో కొంటే వారంటీ కూడా నిలుస్తుంది.

దాచుకోవడానికయ్యే ఖర్చును బడ్జెట్లో ఎవరూ రాయరు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 4కె తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఎనిమిది గంటలు తిరిగితే 720 జీబీ. ఇదంతా ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టదు. రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి పుట్టింటి వద్ద, ఒకటి అత్తింటి వద్ద ఉంచితే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. వీడియో మాట్లాడుకునేటప్పుడే, పాటలు కలపని అసలు ఫుటేజీ మొత్తం ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. కొద్దిగా ఎక్కువ అడిగినా ఇవ్వండి.

ఇక పాత క్యాసెట్ల మాట. ప్రపంచంలో ఆఖరి వీసీఆర్ తయారీ 2016 జులైలో జపాను కంపెనీ ఫునాయ్‌తో ఆగిపోయింది. ఆడించే యంత్రాలు ఇక తగ్గడమే గానీ పెరగడం లేదు. గుంటూరు తేమకు టేపు మీద బూజు పడుతుంది. కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ పోర్టే లేదు. అటక మీద పెళ్లి క్యాసెట్టో, చిన్న డీవీ టేపో ఉన్నవాళ్లు, ముఖ్యంగా మిక్సింగ్ కాని అసలు క్యాసెట్ ఉన్నవాళ్లు, ఈ ఏడే దాన్ని కిందికి దించండి. బూజు ఉంటే వీసీఆర్‌లో పెట్టకుండా పని తెలిసినవాళ్ల చేతికివ్వండి. మార్పించాక కూడా క్యాసెట్‌ను పారేయకండి.