జనగణమన - మదనపల్లె కాగితం

జనగణమనని మొదట పాడింది 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెస్ సభలో. మరి దాని ఇంగ్లీషు మన మదనపల్లెలో పుట్టిందని ఎంతమందికి తెలుసు? 1919 ఫిబ్రవరిలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి (మనోళ్ళకి బీటీ కాలేజీ) వచ్చిన టాగోర్, 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరుపెట్టి ఇక్కడే స్వయంగా అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్నావిడ. బాణీకి స్వరాలు రాసిపెట్టారు.

ఆ చేతిరాత నకలు కాలేజీ లైబ్రరీలో ఫ్రేము కట్టి పెట్టారు. 'ఐదో జార్జిని పొగిడిన పాట' అంటూ ఫార్వర్డులు పంపేవాళ్ళు దాన్ని ఒక్కసారి చదవాలి. మూడో చరణంలో కవి పిలిచింది యుగాలుగా మనుషుల రథం నడిపేవాణ్ణి. లండన్ రాజు యుగాలుగా ఏ రథం నడిపాడండీ? 1937లో టాగోరే ఒక ఉత్తరంలో ఆ మాట కొట్టిపారేశారు. అయినా నమ్మకం కుదరకపోతే, మదనపల్లె బస్సెక్కండి.