అడాల్ఫ్ గాలండ్: యుద్ధవిమానము నుండి వ్యాపారము వరకు

భారతకథ విన్నవారెవ్వరును భీష్ముని శౌర్యమును శంకింపరు. ఆయన నిలిచిన పక్షమును మెచ్చుకొనరు. వీరుని చరిత్ర వ్రాయువాడు ఈ రెండు తూకములను వేరువేరుగ నుంచుకొనవలెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనీ పక్షమున పోరాడి, ఓటమి తరువాత వ్యాపారమున స్థిరపడిన వైమానికుడు అడాల్ఫ్ గాలండ్ జీవితము ఇందుకు తగిన ఉదాహరణము. వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో సైన్యమున కొలువు చేసి తిరిగివచ్చినవారు పెక్కుమంది కలరు. ఆయుధము దింపిన పిమ్మట మనిషి ఎట్లు బ్రతుకవలెనను ప్రశ్న వారికి క్రొత్తది కాదు.

గాలండ్ 1912 మార్చి 19న జర్మనీలోని వెస్టర్‌హోల్ట్ అను ఊర జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున ఓడిన జర్మనీ యుద్ధవిమానములను కలిగియుండరాదని 1919 నాటి వెర్సాయి సంధి శాసించెను. అందుచేత ఆనాటి యువకులు యంత్రము లేని గ్లైడర్లపై ఎగురుట నేర్చిరి. గాలండ్ కూడ అట్లే నేర్చి, 1932లో పౌరవిమాన శిక్షణాలయమున చేరెను. 1935లో విమానము కూలి ఆయన కంటికి గాయమయ్యెను. కంటిపరీక్ష పలకమీది అక్షరములను ముందుగనే కంఠస్థము చేసి, వైద్యుల యెదుట నెగ్గెనని చెప్పుదురు.

1937లో ఆయన స్పెయిను అంతర్యుద్ధమునకు పోయి, కాండోర్ దళమున పనిచేసెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 26న గెర్నికా పట్టణమును బాంబులతో నేలమట్టము చేసిన దళమిదియే. గాలండ్ అందు చేరినది ఆ ఘటన తరువాత. 1940లో ఇంగ్లండుపై జరిగిన ఆకాశయుద్ధమున ఆయన 26వ యుద్ధవిమాన దళమునకు నాయకుడయ్యెను. మీకేమి కావలెనని వాయుసేనాధిపతి గోరింగ్ అడుగగా, తన దళమునకు శత్రువుల స్పిట్‌ఫైర్ విమానములే కావలెనని బదులు చెప్పెనట. యుద్ధము ముగియునాటికి ఆయన కూల్చిన విమానములు 104 అని లెక్క.

శత్రువుపట్ల ఆయన నడవడికి ఒక నిదర్శనము గలదు. 1931 నాటి విమానప్రమాదమున రెండు కాళ్లును పోగొట్టుకొని, లోహపు కాళ్లతో విమానము నడపిన ఆంగ్ల వీరుడు డగ్లస్ బేడర్ 1941 ఆగస్టు 9న ఫ్రాన్సులో జర్మనులకు చిక్కెను. కూలిన విమానమున ఆయన కాలొకటి పోయెను. గాలండ్ ఆ బందీని అతిథివలె ఆదరించెను. జర్మనులు కబురుపెట్టగా, బ్రిటిషువారు క్రొత్త కాలిని విమానమునుండి జారవిడిచిరి. పారాచూటుతో దిగుచున్న శత్రువును కాల్చుట హత్యయే యగునని, అట్టి ఆజ్ఞను పాటింపనని గోరింగుతో చెప్పినట్లు గాలండ్ తన గ్రంథమున వ్రాసికొనెను. నిరాయుధుని కొట్టరాదను ధర్మము మనకు సుపరిచితమే.

1941 నవంబరులో వెర్నర్ మోల్డర్స్ మరణింపగా గాలండ్ యుద్ధవిమాన విభాగమున కంతటికి అధిపతియయ్యెను. మరుసటి యేడు, ముప్పదియేండ్ల వయసున, సేనాని పదవి లభించెను. తమ్ములలో ఇద్దరు, పాల్, విల్‌హెల్మ్, వైమానికులుగనే 1942, 1943 సంవత్సరములలో నేలకొరిగిరి. 1943 మే నెలలో ఆయన మెస్సర్‌ష్మిట్ 262 అను జెట్ విమానమును స్వయముగ నడపి, దానిని యుద్ధవిమానముగనే వాడవలెనని వాదించెను. హిట్లరు దానిని బాంబులు వేయుటకు కోరెను. గోరింగుతో తగవు ముదిరి 1945 జనవరిలో పదవి పోయెను. తుదకు ఒక చిన్న జెట్ దళమునకు నాయకుడై, ఏప్రిల్ 26న గాయపడి నేలకు దిగెను.

ఇచట రెండవ తూకము వేయక తప్పదు. ఆయన నడపిన జెట్ విమానముల భాగములను ఆస్ట్రియాలోని గూసెన్ నిర్బంధశిబిరపు బందీలచేత భూగర్భమున చేయించిరి. ఆయన కొలిచిన పాలన సుమారు 60 లక్షల యూదులను చంపెను. గాలండ్ గ్రంథమున సేనానాయకుల తప్పిదములకు దొరకిన చోటు ఈ దారుణములకు దొరకలేదు. ఒక బందీకి కాలు తెప్పించిన సౌజన్యము నిజమే. లక్షల బందీల ఆర్తనాదమునకు అది సమాధానము కాజాలదు.

1947లో చెరనుండి విడుదలయైన సేనాని ఉత్తర జర్మనీలోని ఒక ఎస్టేటులో అడవిని చూచుకొనుచు, వేటతో కాలము గడపెను. మరుసటి యేడు అర్జెంటీనా ప్రభుత్వమునకు వాయుసేనా సలహాదారుగ పోయెను. విమానశిల్పి కుర్ట్ టాంక్ కూడ అచటనే పనిచేయుచుండెను. ఈ టాంక్ 1956లో మన దేశమునకు వచ్చి, బెంగుళూరు హిందుస్థాన్ సంస్థలో మారుత్ విమానమును రూపొందించెను. అది 1961 జూన్ 17న తొలిసారి ఎగిరి, 1971 యుద్ధమున పాల్గొనెను. గుడియాత్తము మీదుగ పోవు రైలుమార్గపు చివరనున్న ఆ నగరమునకును ఓడిన జర్మనీ విద్య చేరినదన్నమాట.

గాలండ్ 1953లో తన యుద్ధస్మృతులను ప్రకటించెను. అర్జెంటీనా నుండి తిరిగివచ్చి, నూతన జర్మను వాయుసేనలో స్థానము దొరకకపోగా, బాన్ నగరమున విమానవ్యవహారముల సలహాదారుగ కార్యాలయము తెరచెను. కొలోన్‌లోని గెర్లింగ్ బీమా సంస్థకు విమానముల బీమా వ్యవహారమున తోడ్పడెను. ఆయన అమ్మినది సరకు కాదు, అనుభవము. ఏ విమానము ఎంత నమ్మదగినది, ఏ ప్రమాదమునకు ఎంత వెల కట్టవచ్చును అని చెప్పగల నేర్పు అది. ఇంగ్లండు ఆకాశయుద్ధముపై 1969లో వెలువడిన చలనచిత్రమునకు సలహాదారుగ నుండెను. ఒకనాటి శత్రువు స్టాన్‌ఫర్డ్ టక్ ఆయన కుమారునికి ధర్మపితయయ్యెను. 1996 ఫిబ్రవరి 9న గాలండ్ మరణించెను.

విద్య చేతనున్నవాడు ఓటమిలోను బ్రతుకుదారి కనుగొనగలడని ఈ చరిత్ర చెప్పుచున్నది. ఆ విద్యను ఎవరి కొలువున ధారపోసితినని తన్ను తాను ప్రశ్నించుకొనుట మాత్రము దానికంటె కష్టమైన పని. భీష్ముడు తాను అర్థమునకు దాసుడనైతినని ధర్మరాజుతో చెప్పుకొనెను. గాలండ్ ఆ మాట చెప్పలేదు. ఆయన శౌర్యమును మెచ్చుకొనువారు ఆ మౌనమును కూడ లెక్కలో వేయవలెను.