బడి మానివేత నివారణ: ప్రధానోపాధ్యాయుల పాత్ర

బడిలో పేరు నమోదైన విద్యార్థి చదువు పూర్తికాకముందే రావడం ఆపేయడాన్ని బడి మానివేత అంటారు. ఇది ఒక్కరోజులో జరగదు. హాజరుపట్టీలో ముందు సంతరోజులు ఖాళీ అవుతాయి, తర్వాత వారాలకు వారాలు. ఆ ఖాళీలను ముందుగా గమనించాల్సింది ప్రధానోపాధ్యాయుడే. వరుసగా మూడు రోజులు రాని పిల్లల ఇంటికి అదే వారం ఉపాధ్యాయుడిని పంపడం, నెల గడిచాక నోటీసు పంపడం కన్నా ఎంతో మేలు.

కారణాలు ఊరినిబట్టి మారతాయి. కర్నూలు, పాలమూరు ప్రాంతాల పత్తి విత్తన చేలలో పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టేవారు. గుంటూరు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. అలాంటప్పుడు పిల్లలను సొంత ఊళ్లోనే, వలస కాలంలో నడిచే సీజనల్ హాస్టల్లో ఉంచేలా తల్లిదండ్రులను వలసకు ముందే ఒప్పించాలి.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6–14 ఏళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. బదిలీ ధ్రువపత్రం (టీసీ) రాలేదని ప్రవేశం ఆపకూడదు. టీసీ ఇవ్వడంలో జాప్యం చేసిన ప్రధానోపాధ్యాయుడిపై క్రమశిక్షణ చర్య ఉంటుంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి, దాన్ని సంతకాలకే పరిమితం చేయకుంటే ఊరి కబురు బడికి ముందే చేరుతుంది.

మానేసి తిరిగొచ్చిన పిల్లలకు వెనకబాటు పెద్ద అడ్డంకి. శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రంగారెడ్డి జిల్లాలో నడిపిన బ్రిడ్జి శిబిరాలు ఆ లోటును పూడ్చి, వారిని మామూలు తరగతులకు పంపాయి.