వంటింట్లో బతికిన భాష

మా అమ్మాయి స్పెల్లింగ్ బీ పోటీకి తయారవుతున్న రోజుల్లో, రోజూ మాటలు అడిగి అప్పజెప్పించుకునే పని నాకు పడింది. ఒకరోజు కారులో వెళుతుండగా తనే నన్ను ఎదురు ప్రశ్న వేసింది. "నాన్నా, గుర్రమెక్కి కత్తి పట్టే వీరుడు 'నైట్' కదా, మరి దానికి ముందు 'కె' ఎందుకు? మధ్యలో 'జి', 'హెచ్' ఎందుకు? తెలుగులో పలికినట్టే రాస్తాంగా!"

ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషుతోనే ఉద్యోగం వెలగబెడుతున్నా, నా దగ్గర జవాబు లేదు. వెతుక్కుంటూ వెళితే, స్పెల్లింగు సంగతి కంటే పెద్ద కథే దొరికింది.

అసలు ఇంగ్లీషు ఇంగ్లండులో పుట్టిన భాష కాదు. రోమన్లు వదిలి వెళ్ళిన బ్రిటన్ దీవికి క్రీ.శ. 5వ శతాబ్దంలో ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు సముద్రం దాటి తెచ్చిన భాష అది. అంటే మనలాగే వలస వచ్చిందన్నమాట! 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై దాడితో మొదలుపెట్టి వైకింగులు వచ్చారు, కొట్టారు, చివరికి అక్కడే కాపురాలు పెట్టారు. 'స్కై', 'ఎగ్', 'నైఫ్' వాళ్ళిచ్చిన మాటలే. 'దే', 'దెమ్' అనే సర్వనామాలు కూడా వాళ్ళవే.

అసలు దెబ్బ 1066లో తగిలింది. నార్మండీ ప్రభువు విలియం హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి రాజయ్యాడు. రాజు, జమీందార్లు మాట్లాడేది ఫ్రెంచి. చర్చిలోనూ దస్తావేజుల్లోనూ లాటిన్. ఇంగ్లీషు పొలాలకూ వంటిళ్ళకూ పరిమితమైంది. అందుకే కాపరి మేపినంతకాలం 'కౌ', 'షీప్' అనే ఇంగ్లీషు పేర్లున్న జంతువులు, దొరగారి పళ్ళెంలోకి రాగానే 'బీఫ్', 'మటన్' అనే ఫ్రెంచి మాటలయ్యాయి. 'జడ్జ్', 'జ్యూరీ', 'పార్లమెంట్' కూడా అలా వచ్చినవే.

14వ శతాబ్దంలో రానల్ఫ్ హిగ్డెన్ అనే క్రైస్తవ సన్యాసి వాపోయాడు: బడి పిల్లల చేత సొంత భాష మాన్పించి పాఠాలు ఫ్రెంచిలో చెప్పిస్తున్నారనీ, పల్లెటూరివాళ్ళు సైతం పెద్దమనుషులనిపించుకోవడానికి ఫ్రెంచి కోసం పాకులాడుతున్నారనీ. అది చదివి ఉలిక్కిపడ్డాను. నేను చదివిన కాన్వెంటులో తెలుగు మాట్లాడితే అర్ధరూపాయి జరిమానా! ఇంగ్లీషుకు కూడా ఒకప్పుడు అదే గతి పట్టిందంటే నమ్మబుద్ధి కాలేదు.

మరి ఎలా నిలబడింది? 1204లో ఇంగ్లండు రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. దొరలకు అటువైపు సంబంధాలు తగ్గుతూ వచ్చాయి. 1348లో ప్లేగు వచ్చి జనాన్ని తుడిచిపెట్టాక, మిగిలిన కూలివాడికి విలువ పెరిగింది, అతని భాషకూ పెరిగింది. ఆ తరువాత జాన్ కార్న్‌వాల్ అనే బడిపంతులు పిల్లలకు ఫ్రెంచికి బదులు ఇంగ్లీషులో పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. 1385 నాటికి ఇంగ్లండు బడులన్నీ అదే దారి పట్టాయని హిగ్డెన్ పుస్తకాన్ని అనువదించిన జాన్ ట్రెవీసా రాశాడు. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ చట్టం రాసింది ఫ్రెంచిలో! రాజాస్థానంలో తిరిగిన ఛాసర్ తన 'కాంటర్‌బరీ కథలు' ఇంగ్లీషులోనే రాశాడు.

ఇక మా అమ్మాయి ప్రశ్న. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో తొలి అచ్చుయంత్రం పెట్టాడు. 'నైట్'లోని ఆ అక్షరాలను అంతకు ముందు నిజంగానే పలికేవారు. అచ్చు వల్ల స్పెల్లింగు క్రమంగా స్థిరపడింది గానీ, ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది. మా భాషలో చెప్పాలంటే, ఇది పాత ప్రోగ్రాం. ఎప్పుడో రాసిన లైన్లకు ఇప్పుడు పనిలేదు, కానీ తీసేసే ధైర్యం ఎవరికీ లేదు!

ఇంగ్లీషు అరువుకు సిగ్గుపడలేదు కూడా. మన పందికొక్కును సైతం 'బాండికూట్' చేసుకుని నిఘంటువులో కూర్చోబెట్టింది.

అయితే ఈ కథ చూసి మనం నిశ్చింతగా ఉండలేం. ఏలినవారు కాదన్నా, ఇంగ్లండులో ఊరూరా, సంతలోనూ పొలంలోనూ ఇంగ్లీషే వినబడేది. అక్కడి పిల్లలు దాన్ని ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని లేకపోయింది. ఇక్కడ మన పిల్లలకు గుమ్మం దాటితే తెలుగు లేదు. వాళ్ళకున్న తెలుగుదేశమల్లా మన వంటిల్లు, మన కారు, వారానికోసారి తెలుగు బడి. వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తే, పని తొందరలో మనం కూడా ఇంగ్లీషులోకి జారిపోతాం. నేను ఎన్నిసార్లు జారానో లెక్కలేదు.

అందుకే మా ఇంట్లో ఒక చిన్న మార్పు చేసుకున్నాం. స్పెల్లింగు చెప్పాక, అర్థం తెలుగులో చెప్పాలి. మొదటిరోజు 'నైట్' అడిగాను. మా అమ్మాయి అక్షరాలన్నీ, ఆ పలకని 'కె'తో సహా, తడుముకోకుండా చెప్పింది. అర్థం అడిగితే ధీమాగా "రాత్రి" అంది!

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మాత్రం తెలుగులోనే నవ్వుకున్నాం.